గొర్రెపిల్లల కొట్టంలో సీసాలు

నా ఒంట్లోకి ఇంతవరకు ఒక్క సూది దిగలేదు. మా చెట్-బులాక్‌లో ఈ మాట అనగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. పటాలంలో ఉన్నప్పుడు ఒక నర్సు ప్రయత్నించింది. సూది వంగిపోయింది. రెండోది తెచ్చింది, అదీ వంగింది. మూడోదానికి కమ్మరి దగ్గర పదును పెట్టించుకొస్తానని వెళ్ళిన మనిషి ఇప్పటిదాకా తిరిగి రాలేదు. చలికాలమంతా గుర్రపు మాంసం తిని, వేసవంతా గుర్రపు పాలు తాగి గట్టిపడ్డ చర్మం ఇది. మా ఊళ్ళో మిగతావాళ్ళ సంగతి వేరు. మంచు కరగడం మొదలైందంటే చాలు, చొక్కా చేతులు మడుచుకుని జూరాకన్ గుమ్మం ముందు వరస కడతారు. చలికాలంలో ఒంట్లో పేరుకున్న మడ్డిని సెలైన్ సీసాతో కడిగించుకోవాలట. పొయ్యి గొట్టంలో మసి దులిపించినట్టు వసంతంలో ఒకసారి, ఆకులు రాలేటప్పుడు ఒకసారి రక్తాన్ని దులిపించుకుంటారు. దానికి జబ్బుతో పనిలేదు.

కథ ఎక్కడ ఆగిందో మరిచిపోయినవాళ్ళ కోసం చెబుతాను. గుర్తున్నవాళ్ళు ఈలోపు టీ పోసుకోండి.

బైషే నా చిన్ననాటి స్నేహితుడు. ఈ లోయలో అతను లొంగదీయని గుర్రం లేదు. నూరూజ్ పండుగ మర్నాడు మిగిలిపోయిన మాంసం తిన్నాడు. సాయంత్రానికి విరేచనాలు పట్టుకున్నాయి. జూరాకన్ వచ్చింది. మా ఊరి వైద్యశాల ఆమె చేతిలో ఉంటుంది. డాక్టరు కాదు, డాక్టరుకి ఒక మెట్టు కింద. కానీ ఊళ్ళో సగంమందిని ఈ లోకంలోకి లాగింది ఆమే, ఆ సంగతి వాళ్ళని మరిచిపోనివ్వదు కూడా. సెలైన్ పెట్టింది. బైషే లేచి కూర్చుని గంజి తాగాడు. ఊరు ఊరంతా పరామర్శకి కదిలింది. రానివాడు ఒక్కడే, బైషే తమ్ముడు సాదిర్. ఏటి అవతల ఉంటాడు, పశువుల డాక్టరు. ఎన్నో ఏళ్ళ కిందట బైషే బూడిదరంగు మగగుర్రం కడుపునొప్పితో కూలిపోతే, ఇక లేవదని సూది వేసి దాని బాధ తీర్చేశాడు. అన్నని అడగలేదు. అడిగి ఉంటే బతికించుకునేవాణ్ణని బైషే అన్నాడు. నా గుమ్మం తొక్కితే దీనికి పని చెబుతానని మంచం తలాపున మేకుకి కొరడా తగిలించాడు. కొరడా ఆ రోజుకీ ఆ మేకుకే ఉంది.

సీసాలు ఎక్కుతూనే ఉన్నాయి, విరేచనాలు ఆగాయి, కానీ ఊపిరి మారింది. ఎలా మారిందో కాసేపట్లో చెబుతాను. జిల్లా ఆస్పత్రికి ఫోన్ చేశారు. వ్యాను వచ్చేలోపు బైషే పెద్దకొడుకు కుబన్, జిల్లా బడిలో రసాయనశాస్త్రం చెప్పే మాస్టారు, సీసా అడుగున మిగిలిన నీళ్ళలో తన రంగు కాగితం ముక్క ముంచాడు. మామూలు నీళ్ళలో ఆకుపచ్చగా ఉండాల్సిన కాగితం పసుపు తిరిగింది. పులుపు. ఆ కాగితం పట్టుకుని వాకిట్లో జూరాకన్‌కి అడ్డం నిలబడ్డాడు. ఆమె తన సంచీ నేలమీద పెట్టింది. కిందటిసారి అక్కడ ఆపాను. ఎందుకు పెట్టిందని చాలామంది అడిగారు. రెండు చేతులూ ఖాళీగా ఉండాలని పెట్టింది.

కుబన్ చెడ్డవాడు కాదు. లోపల తండ్రి ఊపిరి వాకిట్లోకి వినపడుతోంది. చేతిలో రుజువులాంటిది ఒకటి దొరికింది. అలాంటప్పుడు మనిషికి కోపం ఎంత సాయంగా ఉంటుందో మీకు తెలుసు.

"ఎజె," అన్నాడు. మా వైపు అక్కని అలా పిలుస్తారు. "ఇది ఆమ్లం. మా నాన్న నరంలోకి ఆమ్లం ఎక్కించావు."

"నీ బొడ్డు కోసింది ఈ చేత్తోనే కుబన్. ఆ రోజు కూడా ఇలాగే అరిచావు. ఆ రోజు కూడా కారణం లేదు."

వాకిట్లో కూర్చున్న చుట్టాలు నవ్వబోయి, లోపలి ఊపిరి విని మానుకున్నారు. కుబన్ కాగితాన్ని అందరికీ తిప్పి చూపించాడు. ఎక్కడిదో పాడైపోయిన సరుకు తెచ్చి ఊరందరికీ ఎక్కిస్తోందని, సంగతి తేలేదాకా వైద్యశాలకి తాళం పడాల్సిందేనని అన్నాడు. తాళంచెవి ఇమ్మని చెయ్యి చాచాడు. జూరాకన్ ఆ తాళంచెవిని తాడు కట్టి మెడలో వేసుకుంటుంది. స్నానానికి తప్ప తీయదు, స్నానానికీ తీయదని మా ఆవిడ అంటుంది. ఆమె దాన్ని మెడలోంచి తీసి అతని చేతిలో పెట్టలేదు. అతని బూట్ల ముందు బురదలో పడేసింది.

"తీసుకో. నెల తిరక్కుండా మీ ఆవిడకి నొప్పులొస్తాయి. అప్పుడు తలుపు నువ్వే తియ్యి."

అతను వంగలేదు. ఆమె వెనక్కి తిరగలేదు. సరిగ్గా అప్పుడు రొట్టె ఆకారపు వ్యాను బురద చిమ్ముకుంటూ వచ్చి ఆగింది. అందులోంచి డాక్టర్ తొల్కునై దిగింది. సన్నటి మనిషి. తెల్లకోటు మీద గొర్రెతోలు కోటు వేసుకుంది. కుబన్ కాగితం చూపించబోయాడు. ఆమె అతన్నీ, జూరాకన్‌నీ, తాళంచెవినీ దాటుకుని రోగి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఆ ఊపిరి సంగతి. మైదానం రెండుసార్లు చుట్టి వచ్చిన గుర్రం పక్కన నిలబడితే ఎలా ఉంటుందో అలా ఉంది. లోతుగా, వేగంగా, ఒకదాని వెంట ఒకటి. కాకపోతే బైషే ఎక్కడికీ పరిగెత్తలేదు, దిండ్లకి ఆనుకుని పడుకున్నాడు. దగ్గు లేదు, జ్వరం లేదు. కలలో పందెం తోలుతున్నాడని నేను చుట్టాలకి చెప్పాను. అందరికీ ఆ మాట నచ్చింది. తొల్కునైకి నచ్చలేదు. ఛాతీ మీద గొట్టం పెట్టి ముందూ వెనకా విన్నది. వేలికి చిన్న క్లిప్పు తగిలించి అందులో అంకె చూసింది. కాళ్ళు నొక్కి చూసింది, వేలి గుంట అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత ఆమె చేసిన మొదటి పని, చేతికి ఎక్కుతున్న సీసాని ఆపేయడం.

బయటికి వచ్చి మెల్లగా చెప్పింది. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి, గాలి బాగానే అందుతోంది, అయినా రొప్పుతున్నాడంటే రక్తం పులిసిందని తన అనుమానం. ఒంట్లో పులుపు పెరిగినప్పుడు ఊపిరితిత్తులు దాన్ని గాలిరూపంలో బయటికి తోస్తాయి. మూత్రపిండాలు కూడా తోస్తాయి, కానీ వాటిది నిదానం పని. ఇప్పుడు బండి మొత్తం ఊపిరే లాగుతోంది.

"ఈ వయసులో ఎంతసేపు లాగుతారు?" అంది. "అలిసిపోతే నెమ్మదిస్తారు. నెమ్మదించారంటే బాగుపడ్డారని మీరనుకుంటారు. అది బాగుపడటం కాదు."

 బైషే భార్య బురుల్ గొర్రెపిల్లలకి పాలు పట్టాలని లేచి వెళ్ళిపోయింది. ఆమె అంతే, ఏడుపొస్తే పని వెతుక్కుంటుంది.

కుబన్‌కి మాత్రం బలం వచ్చింది. రక్తం పులిసిందని డాక్టరే అంటోంది, సీసా పుల్లగా ఉందని కాగితం అంటోంది, ఇంకేం తేలాలని అడిగాడు. తొల్కునై కాగితం తీసుకుని వెలుగులో చూసింది. పసుపే, నిజమే, ఏ సీసాలో ముంచినా ఇంచుమించు ఈ రంగే వస్తుందని చెప్పింది. ముందు తనకి తెలియాల్సింది సీసాలు ఎన్ని ఎక్కాయన్నది. దాన్నిబట్టి ఇప్పుడేం ఎక్కించాలో, ఏది ఎక్కించకూడదో తేలుతుంది.

జూరాకన్ వెంటనే చెప్పింది: పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, నిన్నటిదాకా. తను పెట్టినవి అంతే. తొల్కునై మొహం చిట్లించింది. ఆ కాసిని సీసాలతో మనిషి ఇలా కాడని, కాళ్ళకి ఈ నీరు రాదని అంది. ఇంకేమైనా పెట్టారా అని చుట్టాల వైపు తిరిగింది.

చుట్టాలందరూ మర్యాదస్తులు. ఒక్కొక్కరే లేచి చెప్పారు. నేను తెచ్చింది ఒక్కటే అన్నాడు బైషే బావమరిది. మాది కూడా ఒక్కటే, అదీ చిన్నదే అంది కుబన్ మేనత్త. అన్నీ ఒకే కొలత సీసాలే, చిన్నదన్నది వినయం కొద్దీ. మీకు తెలుసు కదా, మనవైపు రోగిని చూడటానికి ఉత్తి చేతులతో వెళ్ళరు. మా నాన్న కాలంలో పంచదార గడ్డ పట్టుకెళ్ళేవాళ్ళు. తర్వాత టీ పొట్లం వచ్చింది. ఇప్పుడు జిల్లా కేంద్రంలో మందులషాపు ఉంది కాబట్టి సెలైన్ సీసా. ఎవరేం తెచ్చారో లెక్క చూడటం పాడు అలవాటు. కాబట్టి ఆ ఇంట్లో లెక్క చూసినవాళ్ళు లేరు.

పాడు సరుకు సంగతి తేలాలని తొల్కునై ఇంకో ప్రశ్న వేసింది. ఈ వసంతంలో జూరాకన్ దగ్గర ఇవే సీసాలు ఎక్కించుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని. కాసేపు మొహమాటం. తర్వాత ఒక్కొక్క చొక్కా చెయ్యి పైకి మడత పడింది. వాకిట్లో ఎడమచేతుల తోట లేచినట్టైంది. ప్రతి మోచేతి మడతలోనూ చిన్న మచ్చ.

"మీరు చెయ్యి దాచుకున్నారేం అక్సకల్?" అంది డాక్టరు. పెద్దవాళ్ళని అలా పిలుస్తారు, నన్నే.

దాచుకోలేదు, చలేసి జేబులో పెట్టుకున్నాను. తీసి చూపించాను. నా చేతికి మచ్చ కాదు, ఇంకా దూది పట్టీయే ఉంది. కిందటి గురువారం ఎక్కించుకున్నాను, మోకాళ్ళకి మంచిదని జూరాకన్ అందులో విటమిన్ కూడా కలిపింది. అంతకుముందు ఆకులు రాలేటప్పుడు ఒకటి. అంతకుముందు ఏడాది రెండు. బాగుంటుంది, చల్లగా పాకుతుంది, నిద్ర పడుతుంది. కమ్మరి దగ్గరికి పోయిన నర్సుని కథలోంచి కొట్టేయండి. ఆమె ఈపాటికి తిరిగొచ్చే ఉంటుంది.

"వీళ్ళెవరూ రొప్పడంలేదు," అంది తొల్కునై కుబన్‌తో. "సీసాలు పాడైనవి కావు."

"మరి కాగితం?"

ఆమె వంటసోడా తెమ్మంది. నూనెలో వేయించే బోర్సోక్ రొట్టెల పిండిలో వేసేది ఏ ఇంట్లో అయినా ఉంటుంది. సీసా అడుగు నీళ్ళు ఒక గిన్నెలో పోయించింది, ఇంకో గిన్నెలో అంతే పుల్ల మజ్జిగ పోయించింది. కుబన్ చేతికే చిటికెడు సోడా ఇచ్చి ముందు సీసా నీళ్ళలో వేయమంది. అతను వేశాడు, కాగితం ముంచాడు. పసుపు పోయి ఆకుపచ్చ దాటి నీలం తిరిగింది. ఇప్పుడు మజ్జిగలో అంది. చిటికెడు వేస్తే నురగ వచ్చింది, కాగితం ఎర్రగానే ఉంది. ఇంకో చిటికెడు. నురగ గిన్నె దాటింది, కాగితం ఇంకా పులుపే అంటోంది.

"ఎంత పుల్లగా ఉందన్నది ఒకటి. ఎంత పులుపు ఉందన్నది ఇంకొకటి," అంది ఆమె. "మీ కాగితం మొదటిదే చెబుతుంది మాస్టారూ. ఈ సీసాలో పులుపు పేరుకే ఉంది, రక్తం దాన్ని గమనించను కూడా గమనించదు. ఇలాంటి మజ్జిగ మీరు పూటకో గిన్నె తాగుతారు. ఎవరి రక్తమైనా పులిసిందా?"

కుబన్ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. తొమ్మిదో తరగతికి తనే ఈ పాఠం చెబుతాడని తర్వాత నాతో అన్నాడు. ఏటా చెప్పే పాఠమే. తండ్రి ఊపిరి వింటూ గుర్తు తెచ్చుకోవడం వేరే సంగతి. కానీ ఆ క్షణంలో అతను అడిగినదే అందరి మనసులోనూ ఉంది. పులుపు సీసాలోంచి రాలేదు సరే, ఎక్కడినుంచి వచ్చింది? తొల్కునై దగ్గర సగం జవాబే ఉంది. విరేచనాల్లో నీళ్ళతోపాటు ఒంట్లో ఉండే సోడా కొట్టుకుపోతుంది. కానీ అవి ఆగి రెండు రోజులైంది. ఆగాక మనిషి తేరుకోవాలి, మునిగిపోకూడదు.

ఆమె చేతులు కడుక్కోవడానికి కొట్టం పక్కనున్న కుళాయి దగ్గరికి వెళ్ళింది. కొట్టం తలుపు తీసి ఉంది. లోపల బురుల్ పీటమీద కూర్చుని తల్లిలేని గొర్రెపిల్లకి పాలు పడుతోంది. అది తోక ఆడిస్తూ రబ్బరు పీక చీకుతోంది. పీక తగిలించిన సీసా సెలైన్ సీసా. గాజుది, బొడిపె మూతిది, చీటీ సగం నానిపోయి ఉంది.

తొల్కునై చేతులనుంచి నీళ్ళు కారుతుండగానే లోపలికి వెళ్ళింది. వెనకే నేనూ వెళ్ళాను. నన్నెవరూ పిలవలేదు, కానీ అది నాకెప్పుడూ అడ్డం కాలేదు.

"ఈ సీసాలు ఎప్పటివమ్మా?"

"ఈ వారంవే," అంది బురుల్. "మంచి గాజు. ఈ ఏడు కవలలు ఎక్కువ పుట్టాయి, సీసాలు చాలక ఏడుస్తున్నాను. దేవుడే పంపినట్టు వచ్చాయి."

గోడవారన బల్ల ఉంది. బల్లమీద సీసాలు, కడిగి బోర్లించినవి, ఎండకి మెరుస్తున్నాయి. బల్ల పట్టక నేలమీద గడ్డిలో ఇంకొక వరస. మూల అట్టపెట్టెలో ఇంకొన్ని, వాటికి పీకలు తొడిగి సిద్ధంగా ఉన్నాయి. ఇరవై దాటాక నేను లెక్క వదిలేశాను. డాక్టరు వదల్లేదు. పెదాలు కదుపుతూ చివరిదాకా లెక్కపెట్టి, గొర్రెపిల్ల నోట్లో ఉన్నదాన్ని కూడా కలిపింది.

అప్పటికి చుట్టాలు కొట్టం గుమ్మంలో మూగారు. జూరాకన్ వాళ్ళని తోసుకుని ముందుకొచ్చి ఆ వరసలు చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బురుల్‌కి తనేదో తప్పు చేసిందని అర్థమైంది, ఏమిటో అర్థం కాలేదు. ఒక సీసా అయిపోతే సూది తీయకుండా గొట్టం కొసని రెండోదాంట్లో గుచ్చడం ఎలాగో నిరుడు జూరాకనే నేర్పింది. ఆమె నేర్చుకుంది. ఎవరు వస్తే వాళ్ళ సీసా తగిలించింది. చుట్టం తెచ్చిన సీసాని పక్కన పెట్టి నిన్నటి చుట్టం సీసా ఎక్కిస్తే ఎంత చిన్నతనం? వచ్చినవాళ్ళు కూడా తమ సీసా చివరి చుక్క దిగేదాకా కూర్చుని, బైషే మొహం తేటపడిందని చెప్పి, టీ తాగి వెళ్ళారు. నేనూ వెళ్ళాను. నాది బల్లమీద ఎడమనుంచి మూడోదనుకుంటాను.

తొల్కునై అరవలేదు. బురుల్ పక్కన గడ్డిలో కూర్చుని గొర్రెపిల్లని ఒళ్ళోకి తీసుకుంది.

"మీ ఇంట్లో మనుషులు కూర్చునే చోటు ఇంతే అనుకోండి. రక్తంలో సోడా మీ ఇంటిమనిషి. పులుపు ఎటునుంచి వచ్చినా ఎదురెళ్ళి పట్టుకునేది అదే. ఉప్పులో సగం క్లోరిన్ అనేది ఉంటుంది, అది చుట్టం. చుట్టాలు కొందరు ఎప్పుడూ ఉంటారు, ఉండాలి. కానీ ఈ సీసాలో చుట్టాలు తప్ప ఇంటిమనిషి ఒక్కరూ లేరు. ఒక సీసా వస్తే సర్దుకుంటారు. ఇన్ని వస్తే?"

బురుల్ ఆలోచించింది. "మేం లేచి బయట నిలబడాలి," అంది.

"అదే జరిగింది. సోడా బయట నిలబడింది. విరేచనాల్లో సగం ముందే దొడ్డిదారిన పోయింది, మిగతా సగం చుట్టాలకి చోటిచ్చి వెళ్ళిపోయింది. ఇక పులుపుకి ఎదురెళ్ళేది లేదు. సీసా పుల్లగా ఉన్నందుకు కాదు. ఉప్పునీళ్ళు మరీ ఎక్కువైనందుకు."

ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. అందరూ సీసాలని చూశారు, తమది ఏదోనని. అట్టపెట్టె మీద జిల్లా కేంద్రం మందులషాపు పేరు పెద్ద అక్షరాలతో ఉంది. అందరూ ఒక్కొక్కటి తెస్తే, పెట్టెడు తెచ్చింది ఎవరో అడగనక్కర్లేకపోయింది. కుబన్ పెట్టె ముందు నిలబడి చాలాసేపు తన బూట్లు చూసుకున్నాడు.

"నేను అడగాల్సింది," అంది జూరాకన్. గొంతులో పెడసరం పోలేదు, కాకపోతే ఈసారి అది తనమీదికే తిరిగింది. "చుట్టాల చంకల్లో సీసాలు చూశాను. మర్యాదకి పోయి ఎన్నని అడగలేదు. ముప్పై ఏళ్ళుగా మీకు నేనే అలవాటు చేశాను ఇది."

కుబన్ వాకిట్లోకి వెళ్ళాడు. బురదలోంచి తాళంచెవి తీసి, చొక్కా అంచుతో తుడిచి, తెచ్చి ఆమెకి చాచాడు. ఆమె చెయ్యి చాచలేదు, మెడ వంచింది. అంతటి మాస్టారూ తాడు విడదీసి, ఆమె తలగుడ్డ జారకుండా, మెడలో వేయాల్సి వచ్చింది.

ఈలోపు తొల్కునై గడ్డిలోంచి ఒక సీసా తీసి అటూ ఇటూ తిప్పుతోంది. దీని చీటీ నానలేదు. చీటీ మీద ఆవు బొమ్మ ఉంది.

"ఇది ఉప్పునీళ్ళు కాదు. సోడా. పశువులకి ఎక్కించేది," అంది. "ఇది ఎవరు తెచ్చారు?"

"మా నాన్నకి ఆవు మందు పెట్టారా?" అన్నాడు కుబన్.

జూరాకన్ ఆ పొద్దున మొదటిసారి నవ్వింది. బురుల్ నవ్వలేదు. గొర్రెపిల్ల నోట్లోంచి పీక లాగి, దాని మూతి తుడిచి, దించేసింది. మనవైపు కోడళ్ళు మరుదుల పేరు పలకరు. ఆమె కూడా పలకలేదు.

"చిన్నబాబు ఇచ్చాడు. వంతెనమీద. లోపలికి రాడు కదా. మీ నాన్న ఊపిరి ఎలా ఉందని అడిగాడు, చెప్పాను. విరేచనాలు పట్టిన దూడలు కూలబడే ముందు ఇలాగే ఊపిరి తీస్తాయట. ఇది పెట్టు వదినా, వాళ్ళవి ఇంకొక్కటి కూడా పెట్టకు అన్నాడు. ఇది పెట్టాను. ఇది అయిపోతుండగా మీ మేనత్త సీసా పట్టుకుని వచ్చింది. నేనేం చెయ్యను?"

మేనత్త గుమ్మంలోంచి ఒక అడుగు వెనక్కి వేసింది. తొల్కునై సీసాని కోటు జేబులో పెట్టుకుంది. తననడిగితే వద్దనేదాన్నని, రక్తం పరీక్ష చూడకుండా సోడా ఎక్కించడం కూడా ప్రమాదమేనని చెప్పింది. గుండెకి కావాల్సిన ఇంకొక ఉప్పు అడుగంటిపోవచ్చట. "కానీ ఈయన ఈ పొద్దుటిదాకా రొప్పగలిగారంటే, ఈ సీసా వల్లేనని నా అనుమానం," అంది.

తర్వాత పనులు చకచకా జరిగాయి. డాక్టరు తన పెట్టెలోంచి వేరే సీసా తీసి కట్టింది. అందులో చుట్టాలు తక్కువ, ఒంట్లోకి వెళ్ళాక సోడాగా మారేది ఒకటి ఉంటుందని జూరాకన్ నాకు చెప్పింది. బొట్టు బొట్టుగా పెట్టారు. జిల్లా ఆస్పత్రిలో రక్తం పులుపు కొలిచే యంత్రం ఉంది, అక్కడికి చేరేదాకా బైషే అలిసిపోకూడదు. ఇప్పుడు మిగిలింది అదొక్కటే. నలుగురం ఉన్ని తివాచీ నాలుగు మూలలూ పట్టి అతన్ని లేపాం. అతను కళ్ళు తెరిచాడు. కొట్టం మాటలు ఎంతవరకు విన్నాడో తెలియదు.

"ఆవు సీసా... ఎవరిది?" అన్నాడు. రెండు మాటల మధ్య రెండు ఊపిరులు పట్టాయి.

బురుల్ తలగుడ్డ సర్దుకుంది. కుబనే చెప్పాడు, "బాబాయిది" అని.

 బైషే చెయ్యెత్తి మంచం తలాపుకి చూపించాడు. కుబన్ మేకునుంచి కొరడా తీసి ఇచ్చాడు. గుర్రాల మనిషి ప్రయాణానికి కొరడా అడగటంలో వింత లేదని మేమెవరం పట్టించుకోలేదు.

వ్యాను కదిలింది. వెనకపక్క బైషే కాళ్ళ దగ్గర నేను, తల దగ్గర డాక్టరు. ముందు డ్రైవరు పక్కన కుబన్. నేను బైషే ఊపిరి వింటున్నాను, నెమ్మదిస్తుందేమోనని భయంగా. నెమ్మదించలేదు. ఏటి మలుపు దగ్గర డ్రైవరు ఒక్కసారి బ్రేకు తొక్కాడు.

కరిగిన మంచుతో ఏరు పొంగి ఉంది. ఆ నీళ్ళని చీల్చుకుంటూ బూడిదరంగు గుర్రం వస్తోంది. ఛాతీదాకా తడిసి, జూలు మీదినుంచి నీళ్ళు జల్లుగా రాలుతూ, అచ్చం ఆ చచ్చిపోయిన గుర్రం పోలికే. దానిమీద సాదిర్. ఒక చేత్తో కళ్ళెం, ఇంకో చేత్తో సోడా సీసాల పెట్టె. గట్టు ఎక్కి దారికి అడ్డంగా నిలబెట్టాడు. దిగలేదు. అన్న గుమ్మం తొక్కొద్దన్నాడు గానీ దారిమీద నిలబడొద్దనలేదు.

బైషే వ్యాను తలుపు తెరవమని సైగ చేశాడు. సమయం లేదని తొల్కునై అంది. అతను మళ్ళీ సైగ చేశాడు. కుబన్ దిగివచ్చి తలుపు లాగాడు. చల్లగాలి లోపలికి కొట్టింది. బైషే మోచేతిమీద లేచాడు, పొద్దుటినుంచి గ్లాసు ఎత్తలేని మనిషి. తమ్ముణ్ణి చూశాడు. కొరడా పట్టుకున్న చెయ్యి మెల్లగా పైకి లేచింది.

ఇక్కడ మీకొకటి చెప్పాలి, లేకపోతే మా ఊరివాళ్ళు ఎలాగూ చెబుతారు. బూడిదరంగు గుర్రం నేను కల్పించింది. సాదిర్‌కి గుర్రమే లేదు, అన్న గుర్రానికి సూది వేసిన రోజు తర్వాత అతను మళ్ళీ గుర్రం ఎక్కలేదు. చెక్క వంతెనమీద నడిచి వచ్చాడు, బూట్ల తాళ్ళు కట్టుకోకుండా, పెట్టెని పసిపిల్లాణ్ణి పట్టుకున్నట్టు గుండెకి హత్తుకుని. ఇన్నేళ్ళ తర్వాత అన్న ముందుకి అలా రావడం రాయడానికి నాకు చెయ్యాడలేదు. అందుకని గుర్రం ఇచ్చాను.

కొరడా మాత్రం నేను కల్పించలేదు. ఆ చెయ్యి ఎటు దిగిందో వచ్చేసారి చెబుతాను.